గోరుతోటి గీకి చూసినవా బిడ్డా?

మా ఊరు అనంతగిరి అనగానే చాలామంది "వికారాబాద్ గుట్టలు కదా, మూసీ పుట్టిన చోటు" అంటారు. కొందరికి అరకు దారిలోని కాఫీ తోటలు గుర్తొస్తాయి. మాది ఆ రెండూ కాదు. సూర్యాపేట జిల్లా అనంతగిరి, కోదాడ పక్కన. మా దిక్కున గుట్టలూ లేవు, కాఫీ తోటలూ లేవు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, ఆ నీళ్ల మీద పండే వరి, పాలేరు వాగు, అంతే. ఒకే పేరు మూడు చోట్ల ఉన్నప్పుడు "ఏ జిల్లా?" అని అడిగితే తప్ప సంగతి తేలదు. చిన్నప్పటి నుంచి ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ పెరిగినవాణ్ణి నేను. అయినా ఒక చెట్టు ముందు నిలబడినప్పుడు అదే ప్రశ్న అడగాలని నాకు తోచలేదు. దాని ఫలితంగా నిండు ప్రాణంతో ఉన్న చెట్టును నరికించాను. నాలుగేళ్ల తర్వాత, నిజం చెప్పిన ఒక చిన్నపిల్లను నలుగురిలో తప్పుపట్టాను. ఈ రెండూ ఎలా జరిగాయో దాచకుండా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ముందు ఊద గురించి చెప్పాలి. వరి పండించిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఊద అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నారుమడిలో వరితోపాటే మొలుస్తుంది, వరిలాగే పెరుగుతుంది, వరికి పెట్టిన ఎరువంతా తింటుంది. కంకి వేసిన తర్వాత ఎవరైనా గుర్తుపడతారు, కానీ అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. లేతగా ఉన్నప్పుడే ఏరాలి. మా అమ్మ మడిలోకి దిగితే ఆమె చేతికి ఊద తప్ప మరొకటి తగిలేది కాదు. ఏడో తరగతి సెలవుల్లో నేనూ ఆమె వెంట దిగాను. రెండు మూళ్ల మడి ఏరి, గట్టు మీద పెద్ద కట్ట వేసి, ఆమె మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. అమ్మ ఆ కట్ట విప్పి ఒక్కో మొక్కనూ ఆకు మొదట్లో వేలితో వంచి చూసింది. సగానికి పైగా వరి నారే.

ఆమె నన్ను తిట్టలేదు. ఒక వరి మొక్క, ఒక ఊద మొక్క నా చేతిలో పెట్టింది. వరి ఆకు కాండాన్ని పట్టుకునే చోట పల్చటి పొర నాలుకలాగా లేచి ఉంటుంది. దాని పక్కన నూగుతో చిన్న చెవుల్లాంటివి కనిపిస్తాయి. ఊదకు ఆ నాలుకా లేదు, చెవులూ లేవు, ఆ చోటు నున్నగా ఉంటుంది. "రంగు చూసి పీకితివి. రంగు ఎండకు మారుతది, నీళ్లకు మారుతది. మెడకాడ చూడు" అంది అమ్మ. ఆమెకు తెలిసిన ఆ గుర్తునే వృక్షశాస్త్ర పుస్తకాలూ చెబుతాయని చాలా ఏళ్ల తర్వాత చదివాను. పంటను పోలిన కలుపు ఎలా పుడుతుందో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ గమనించాడు. వేరుగా కనిపించిన కలుపును మనిషి చెయ్యి ఏరేస్తూ పోతే, పంటలాగా కనిపించేదే మిగిలి గింజ రాల్చుతుంది. వేల ఏళ్లుగా ఏరిన చేతులే ఊదకు వరి రూపం తెచ్చిపెట్టాయన్నమాట.

ఇదంతా తెలిసినవాణ్ణే 2009లో ఫ్లోరిడాలోని టాంపాకు వచ్చాను. రెండేళ్లకు ఊరికి ఉత్తరాన ఇల్లు కొన్నాం. పెరటి వెనక చిన్న చిత్తడి కుంట, దాని నిండా ఒకే రకంగా కనిపించే నిలువు చెట్లు. దూరం నుంచి చూస్తే ఆ గుంపు బోర్లించిన గిన్నెలాగా ఉండేది, నడుమ పొడుగు చెట్లు, అంచుల్లో పొట్టివి. ఇక్కడివాళ్లు దాన్ని సైప్రస్ డోమ్ అంటారని తర్వాత తెలిసింది. ఇసుక నేలలో ఒక పల్లం, అందులో ఏడాదిలో చాలా నెలలు కదలని నీరు. పల్లం నడుమ నీరు ఎక్కువ కాలం నిలుస్తుంది, మెత్తటి నేల లోతుగా ఉంటుంది. అంచులు ముందుగా ఎండి కార్చిచ్చు తాకిడికి గురవుతాయి. ఆ గిన్నె ఆకారానికి ఇవే కారణాలని చెబుతారు. ఆ గుంపులో అంచున ఉన్న ఒక చెట్టు మా హద్దులోకి వచ్చింది. వేసవి అంతా పచ్చగా ఉండి మా పెరటికి అదే నీడ ఇచ్చింది.

నవంబరులో దాని ఆకు ఇటుక రంగుకు తిరిగింది. డిసెంబరు చివరికి ఒక్క ఆకు లేదు. ఆకులే కాదు, ఆకులు పట్టుకున్న సన్నటి రెమ్మలు కూడా రాలిపోయి నేల మీద పరుపులాగా పడ్డాయి. నాకు స్కూలు పుస్తకం గుర్తొచ్చింది. శృంగాకార అడవుల్లోని చెట్లు సతత హరితాలు, ఆకు రాల్చవు అని చదువుకున్నాం. ఈ చెట్టుకు గుండ్రటి కాయలున్నాయి, సూదుల్లాంటి ఆకులున్నాయి, కాబట్టి శృంగాకార జాతి. శృంగాకార చెట్టు ఆకంతా రాల్చిందంటే చచ్చిందనే కదా అర్థం? గాలివానకు ఇంటి మీద పడుతుందేమోనని భయం వేసింది. జనవరిలో చెట్లు కొట్టే మనిషిని పిలిచాను. అతనూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నానికి చెట్టు నేల మీద ఉంది.

మొద్దు తడిగా ఉంది. బెరడు కింద లేత పచ్చటి గీత చుట్టూ ఉంగరంలాగా కనిపించింది. నాకప్పుడే గుండె కలుక్కుమంది. వలయాలు నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఎండిపోయిన చెట్టొకటి కొట్టించానని అమ్మకు చెప్పాను. ఆమె ఒకటే మాట అడిగింది. "గోరుతోటి గీకి చూసినవా బిడ్డా?"

చూడలేదు. ఊళ్లో ఐదేళ్ల పిల్లవాడికి తెలిసిన పని అది. కొమ్మ బెరడును గోరుతో గీకితే కింద పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమ రంగుగా పొడిగా ఉంటే ఎండినట్టు. నిమ్మ చెట్టుకైనా వేప చెట్టుకైనా అదే పరీక్ష. నేను పుస్తకంలోని ఒక వాక్యాన్ని నమ్మి, చేతికి అందే చెట్టును అడగకుండా వదిలేశాను.

ఆ వాక్యం చాలా చెట్ల విషయంలో నిజమే, కొన్నింటికి మాత్రం వర్తించదు. శృంగాకార జాతుల్లో ఏటా ఆకు రాల్చేవి కొన్నున్నాయి. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు చిత్తడి నేలల్లో పెరిగే టాక్సోడియం వాటిలో ఒకటి. అందులో ఒకదాని పేరే బాల్డ్ సైప్రస్, అంటే బోడి సైప్రస్. చలికాలంలో బోడిగా నిలబడుతుంది కాబట్టే ఆ పేరు. లూసియానా రాష్ట్ర వృక్షం కూడా అదే. చావుకు గుర్తని నేను అనుకున్నది ఆ చెట్టుకు పేరు తెచ్చిన లక్షణం. 2019లో శాస్త్రవేత్తలు నార్త్ కరొలైనాలోని బ్లాక్ రివర్ ఒడ్డున ఒక బాల్డ్ సైప్రస్‌కు కనీసం 2,624 ఏళ్ల వయసని వలయాలు లెక్కకట్టి ప్రకటించారు. ఆ చెట్టు రెండు వేల ఆరు వందల సార్లకు పైగా బోడిగా నిలబడి, అన్నిసార్లూ చిగిర్చింది. మా పెరటి చెట్టుకు నేను ఒక్క చలికాలం కూడా గడువు ఇవ్వలేదు.

మొదటి తప్పు ఇది. రెండోది దీని మొద్దులోంచే మొలిచింది.

మార్చిలో ఆ మొద్దు చుట్టూ చిగుళ్లు లేచాయి. నా సంతోషానికి అంతులేదు. ఈసారి తొందరపడకూడదని పుస్తకాలు తెచ్చి చదివాను. టాక్సోడియంలో ఇక్కడ దొరికేవి రెండు రకాలు, బాల్డ్ సైప్రస్, పాండ్ సైప్రస్. బాల్డ్ సైప్రస్ ఆకులు రెమ్మకు రెండు పక్కలా చదునుగా, ఈకలాగా పరుచుకుని ఉంటాయి. ఒక్కో ఆకు పొడవు అర సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు. పాండ్ సైప్రస్ ఆకులు ఇంకా చిన్నవి, ఆరెలాగా మొనదేలి రెమ్మకు అంటుకుని ఉంటాయి. దాంతో ఆ రెమ్మ మొత్తం పురికొసలాగా సన్నగా, పైకి నిలబడి కనిపిస్తుంది. మొద్దు నుంచి వచ్చిన చిగుళ్ల ఆకులు చూశాను. ఈకల్లాగా చదునుగా ఉన్నాయి. అంటే బాల్డ్ సైప్రస్ అని తీర్పు చెప్పేశాను. నర్సరీకి పోయి ఐదు బాల్డ్ సైప్రస్ మొక్కలు కొని కుంట అంచున నాటాను. నరికినదానికి పరిహారం కట్టానని మనసుకు కొంత ఊరట దొరికింది.

కుంటలోని మిగతా చెట్లన్నింటి ఆకూ పురికొసల్లాగా పైకి నిలబడి ఉంది. అది నాకు కనిపించింది. అవి వేరే రకం కాబోలు అనుకున్నాను. కుంట నిండా ఒక రకం ఉంటే, మా హద్దులో ఉన్న ఒక్క చెట్టు మాత్రం వేరే రకం ఎందుకవుతుందని నాకు తట్టలేదు. "ఏ జిల్లా?" అనే ప్రశ్న అడగాల్సింది అక్కడే. బాల్డ్ సైప్రస్‌ది నదుల పక్కన, వరద తెచ్చిన ఒండ్రు పడే చోట, కదిలే నీటి దగ్గర నివాసం. పాండ్ సైప్రస్‌ది కదలని నల్లటి నీరు, పులుపు గుణం ఉన్న సారం తక్కువ నేల, ఇసుక పల్లాలు. మా కుంటలోకి ఏ నదీ రాదు. వాన పడితే నిండుతుంది, ఎండ కాస్తే ఎండుతుంది. అది పాండ్ సైప్రస్ ఇల్లు. నేను నరికించింది పాండ్ సైప్రస్‌ను. నాటింది బాల్డ్ సైప్రస్‌ను.

బాల్డ్ సైప్రస్ అక్కడ బతకదని కాదు. రోడ్ల పక్కన, పార్కుల్లో, పొడి నేలల్లో కూడా దాన్ని నాటుతారు, బాగానే పెరుగుతుంది. నా మొక్కల్లో మూడు రెండో ఏడు ఎండాకాలంలో పోయాయి. అవి నీళ్లు పోయడంలో నా అశ్రద్ధ వల్ల పోయి ఉండొచ్చు. నన్ను బాధపెట్టింది వేరే సంగతి. ఈ రెండూ ఎంత దగ్గరి చుట్టాలంటే ఒకదానితో ఒకటి సంకరం చెందగలవు, రెండూ కలిసే చోట్ల మధ్యరకం చెట్లూ కనిపిస్తాయి. మనుషులు రాక ముందు నుంచీ తనదైన రకంతో ఉన్న ఒక చిన్న కుంటలోకి ఎక్కడిదో తెలియని విత్తనపు మొక్కను తెచ్చి పెట్టాను. చుట్టాన్ని చూసి తోబుట్టువు అనుకున్నట్టు.

ఇది తెలియకుండానే నాలుగేళ్లు గడిచాయి. ఈలోపు నేను చెట్లు తెలిసినవాడినని మా తెలుగువాళ్లలో పేరొచ్చింది. ఆదివారం తెలుగు బడి పిల్లలను ఏడాదికోసారి హిల్స్‌బరో నది పక్కనున్న లెటస్ లేక్ పార్కుకు తీసుకుపోయేవాళ్లం. చిత్తడి మీదుగా చెక్కవంతెన ఉంటుంది. దాని మీద నడుస్తూ చెట్లు, కొంగలు, తాబేళ్లు చూపించి పేర్లు చెప్పేవాణ్ణి. అక్కడ నది ఒడ్డున ఎత్తైన బాల్డ్ సైప్రస్‌లున్నాయి. మొదలు ఉబ్బెత్తుగా వెడల్పై, చుట్టూ నేలలోంచి మోకాళ్ల లాంటి ముద్దలు పొడుచుకొచ్చి ఉంటాయి. అవి వేళ్లకు గాలి అందించడానికని కొందరు, మెత్తటి బురదలో చెట్టు నిలదొక్కుకోవడానికని కొందరు అంటారు. ఏళ్ల తరబడి చర్చ సాగుతున్నా శాస్త్రం ఇంకా తేల్చలేదు. పిల్లలకు ఆ మోకాళ్లంటే ఎంతో ఇష్టం.

2016 వసంతంలో పోయిన యాత్ర అది. ముందురోజు రాత్రి గాలివాన వచ్చి చెట్ల కింద రెమ్మలు రాలి ఉన్నాయి. నేను పిల్లలకు ఒక సూత్రం చెప్పాను. "ఆకు ఈకలాగా పరుచుకుంటే బాల్డ్ సైప్రస్, పురికొసలాగా అంటుకుంటే పాండ్ సైప్రస్. ఇంతే, ఇక ఎప్పుడూ తప్పు పోదు." పిల్లలు తలూపారు.

కాసేపటికి తొమ్మిదేళ్ల పాప ఒకతి రెండు రెమ్మలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఒకటి ఈకలాగా ఉంది. రెండోది కాయతో సహా పురికొసలాగా ఉంది. "అంకుల్, ఈ రెండూ ఒకే చెట్టువి. మరి ఇది ఏ చెట్టు?" అని అడిగింది.

ఒకే చెట్టువి అయ్యుండవు, నువ్వు రెండు చెట్ల రెమ్మలు కలిపేసుకున్నావు అన్నాను. కాదు అంకుల్, ఒకటి వంచిన కొమ్మ నుంచి తెంపాను, ఇంకోటి పైనుంచి పడి అదే చెట్టు కొమ్మల్లో ఇరుక్కుని ఉంది, విరిగిన చోటు కూడా పైన కనిపిస్తోంది అంది. వెనకనే వాళ్ల నాన్న, మిగతా తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. నాకు జవాబు తెలియలేదు. "నాకు తెలియదమ్మా, పద చూద్దాం" అనే నాలుగు మాటలు ఆ నిమిషంలో నా నోట రాలేదు. "చూసేటప్పుడు జాగ్రత్తగా చూడాలి, తొందరపడకూడదు" అని అందరి ముందూ ఆ పిల్లకే బుద్ధి చెప్పాను. పాప ఆ రెమ్మలు వంతెన పక్క నీళ్లలో వదిలేసింది. ఆ రోజు మళ్లీ ఏమీ అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లోకి పోయాను. మొద్దు నుంచి లేచిన చిగుళ్లు నాలుగేళ్లలో నా తలకంటే ఎత్తుగా పెరిగి ఉన్నాయి. వాటిని రోజూ చూస్తూనే ఉన్నాను కానీ పరిశీలించి ఎన్నాళ్లయిందో. అడుగున ఆకులు ఈకల్లాగా చదునుగానే ఉన్నాయి. కంటి ఎత్తు దాటాక చిన్నవై దగ్గరపడుతున్నాయి. కొసన నిటారుగా పురికొసల్లాగా నిలబడి ఉన్నాయి. ఒకే మొద్దు, ఒకే వేరు, రెండు రకాల ఆకులు. పాప చెప్పింది నిజం. ఆ పాపనే కాదు, ఈ మొద్దును కూడా నేను నాలుగేళ్ల కిందట తప్పుగానే చదివానని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత చెట్లు తెలిసిన పెద్దమనిషి ఒకరిని కలిసి విషయం వివరంగా తెలుసుకున్నాను. పాండ్ సైప్రస్ మొలక దశలో, మొద్దు చిగుళ్లలో ఆకులు చదునుగా, అచ్చం బాల్డ్ సైప్రస్‌లాగా ఉంటాయి. ఎదిగాకే దాని అసలు ఆకు వస్తుంది. బాల్డ్ సైప్రస్ తెచ్చే పొరపాటు దీనికి తలకిందులు. కింది కొమ్మల్లో, నీడ పట్టున ఆకులు చదునుగా ఉంటాయి. ఎత్తున ఎండ తగిలే కొమ్మల్లో, కాయ కాసే రెమ్మల్లో ఆకులు కురచై రెమ్మకు అంటుకుంటాయి, పాండ్ సైప్రస్ అని భ్రమ కలిగిస్తాయి. నా సూత్రం అబద్ధం కాదు. అయితే ఆ రెమ్మ చెట్టులో ఎక్కడిది, ఏ వయసుది అని తెలిస్తేనే అది పనిచేస్తుంది. ఆ సంగతి వదిలేసి చెప్పాను కాబట్టి అది పిల్లలకు తప్పు నేర్పింది.

మరుసటి ఆదివారం బడిలో అందరి ముందూ ఆ పాప పేరు పెట్టి పిలిచి, నువ్వు చూసింది నిజం, నేను చెప్పింది తప్పు అన్నాను. మొద్దు చిగుళ్ల నుంచి కోసిన కొమ్మ ఒకటి తెచ్చి అడుగు నుంచి కొస దాకా చూపించాను. పాప ఆ కొమ్మ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. "అయితే చెట్టుకు కూడా చిన్నప్పుడు ఒక ముఖం, పెద్దయ్యాక ఒక ముఖం ఉంటాయా?" అంది. ఉంటాయమ్మా అన్నాను. నాలుగేళ్లుగా నేను చదివిన పుస్తకాల్లో ఏదీ అంత సూటిగా చెప్పలేదు.

ఈ గజిబిజి నా ఒక్కడిది కాదని తర్వాత చదివినప్పుడు తెలిసింది. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ బాల్డ్ సైప్రస్‌ను మామూలు సైప్రస్ ప్రజాతిలో కలిపి పేరు పెట్టాడు. 1810లో రిషార్ టాక్సోడియం అని వేరు చేశాడు. పాండ్ సైప్రస్‌ను 1818లో నటాల్ ఒక ఉపరకంగా వర్ణిస్తే, 1833లో బ్రాన్యార్ వేరే జాతి అన్నాడు. నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఉత్తర అమెరికా వృక్షసంపద మీద వెలువడిన ప్రామాణిక గ్రంథం బాల్డ్, పాండ్, మెక్సికోవైపు పెరిగే మోంటెజుమా సైప్రస్, ఈ మూడింటినీ ఒకే జాతి కింద లెక్కిస్తుంది. వేరే జాతులనేవారూ ఉన్నారు. మెక్సికోలోని ఓహాకా దగ్గర తూలె గ్రామంలో ఉన్న మోంటెజుమా సైప్రస్ మొదలు ప్రపంచంలోకెల్లా లావైనవాటిలో ఒకటి, వ్యాసం సుమారు 14 మీటర్లు. అది మన కళ్లకు మర్రి ఊడల గుంపులాగా కనిపిస్తుంది. బాల్డ్ సైప్రస్‌తో పోలిస్తే అది ఆకు చాలా ఆలస్యంగా రాలుస్తుంది, వెచ్చటి చోట్ల దాదాపు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద పొరపాటు కథ డాన్ రెడ్‌వుడ్‌ది. ఒకసారి న్యూజెర్సీలో మా మరదలి ఊళ్లో పార్కులో అలాంటి చెట్టు చూసి బాల్డ్ సైప్రస్ అని ధీమాగా చెప్పాను. ఈకలాంటి ఆకు, ఇటుక రంగుకు తిరిగి రాలే అలవాటు, ఉబ్బిన మొదలు, అన్నీ కలిశాయి. ఇంటికొచ్చి తీసిన ఫొటో పెద్దది చేసి చూస్తే ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉన్నాయి. బాల్డ్ సైప్రస్ ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఆ తేడానే 1941లో జపాన్‌లో షిగెరు మికి శిలాజాల్లో గుర్తించాడు. అప్పటిదాకా ఆ శిలాజాలను పండితులు కాలిఫోర్నియా రెడ్‌వుడ్‌గానో టాక్సోడియంగానో రాసుకున్నారు. మికి వాటికి మెటాసెకోయా అని కొత్త పేరు పెట్టాడు. అంతరించిపోయిందని అనుకున్న ఆ చెట్టు, అంటే డాన్ రెడ్‌వుడ్, చైనా నడిగడ్డలో ఒక గ్రామంలో సజీవంగా ఉందని కొన్నేళ్లలోనే బయటపడింది. 1948లో హు షియెన్‌సు, జెంగ్ వాన్‌జున్ దానికి శాస్త్రీయ నామం ప్రకటించారు. ఆ ఏడాదే గింజలు అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరేటం అనే చెట్ల తోటకు చేరి అక్కడి నుంచి పలుచోట్లకు పాకాయి. ఆకు ఎక్కడ పుట్టిందో ఆ కణుపు దగ్గర ఒక మనిషి నిదానించి చూడటంతో అదంతా మొదలైంది. "మెడకాడ చూడు" అని అమ్మ చెప్పింది కూడా అదే.

సరుగుడు సంగతీ ఇలాంటిదే. చీరాల, బాపట్ల తీరాల్లో సరుగుడు తోటలు చూసి పెరిగినవాళ్లు ఎందరో దాన్ని దేవదారు చుట్టమనుకుంటారు. ఫ్లోరిడా బీచ్‌ల దగ్గర దాన్ని ఆస్ట్రేలియన్ పైన్ అనే పిలుస్తారు. అది పైనూ కాదు, శృంగాకార జాతీ కాదు. పూలు పూసే చెట్టు. సూదుల్లా కనిపించేవి కణుపుల సన్నటి రెమ్మలు. ప్రతి కణుపు దగ్గర చుట్టూ ఉండే చిన్న పళ్లవంటివే దాని ఆకులు. ఇక్కడ అది స్థానిక మొక్కలను తొక్కేసే చెట్టుగా పేరుపడింది. మా ఊరివైపు నీడకూ వాసాలకూ పెంచుకునే చెట్టు ఇక్కడ ఏరివేసే చెట్టయింది. ఏ చెట్టు మంచిదో చెడ్డదో చెప్పాలన్నా ముందు అది ఏ జిల్లాదో అడగాల్సిందే.

ఇప్పుడు చెట్టు ముందు నిలబడితే నేను ఒక వరస పాటిస్తాను. ముందు నేలను చూస్తాను. నీరు పారుతోందా, నిలిచిందా, ఒండ్రా, ఇసుకా. తర్వాత మొదలు చూస్తాను. బాల్డ్ సైప్రస్ బెరడు పల్చగా నారలు నారలుగా లేస్తుంది, మోకాళ్లు పొడుగ్గా మొనదేలి ఉంటాయి. పాండ్ సైప్రస్ బెరడు మందంగా, లోతైన గాళ్లతో ఉంటుంది. కార్చిచ్చుకు ఆ మందమే దానికి కవచం. మోకాళ్లు పొట్టిగా, కొస గుండ్రంగా ఉంటాయి. ఆ తర్వాతే ఆకు, అదీ కింద నుంచి ఒకటి, పైనుంచి రాలినది ఒకటి, కాయ కాసిన రెమ్మ ఒకటి, మూడూ పక్కపక్కన పెట్టి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా అని కణుపు దగ్గర చూస్తాను. ఇవన్నీ ఒకేవైపు చెబితే పేరు చెబుతాను. ఒక్కటి అడ్డం తిరిగినా పేరు చెప్పను. పిల్లలు అడిగితే "ఇంకా తేలలేదు, వేసవిలో మళ్లీ వచ్చి చూద్దాం" అంటాను. అలా చెప్పినందుకు ఇంతవరకూ ఏ పిల్లా నన్ను తక్కువగా చూడలేదు.

కుంట అంచున నేను నాటిన బాల్డ్ సైప్రస్‌లలో మిగిలిన రెండింటినీ ఒక చలికాలంలో తవ్వి, వాటికి తగిన చోట, ఒక మిత్రుడి స్థలంలో పారే వాగు పక్కన పెట్టాం. కుంటలో పాండ్ సైప్రస్ గింజలు వాటంతటవే మొలవాలని ఎదురుచూశాను. ఆ గింజలు నీళ్ల మీద తేలుతూ పోతాయి కానీ నీటి అడుగున మొలకెత్తవు. నీరు తీసి నేల తడిగా ఉన్నప్పుడే మొలుస్తాయి. నీరు మళ్లీ నిండేలోపు మొక్క తల పైకి తేలేంత ఎదగాలి. నారుమడిలో మండె కట్టిన వడ్లు చల్లేముందు అమ్మ నీళ్లు ఎందుకు తీసేసేదో నాకు అప్పుడు మరింత అర్థమైంది. ఎండాకాలం గట్టిగా వచ్చిన ఒక ఏడాది తర్వాత కుంట అంచున ఏడు మొలకలు కనిపించాయి. అన్నింటి ఆకులూ ఈకల్లాగానే ఉన్నాయి. ఈసారి నేను పొరబడలేదు.

అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల్లో, హ్యూస్టన్‌లో, అట్లాంటాలో, టాంపాలో ఇల్లు కొనుక్కునే మనవాళ్లు ఏటా ఎందరో. కొత్త ఇంట్లో మొదటి చలికాలం వస్తుంది. పెరట్లో ఒక చెట్టు ఇటుక రంగుకు తిరిగి, ఆకంతా రాల్చి, మోడులాగా నిలబడుతుంది. దయచేసి గొడ్డలి మనిషికి ఫోన్ చేయకండి. ముందు చేతికందే కొమ్మను గోరుతో గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే మార్చి దాకా ఆగండి. ఆ చెట్టు బతికే ఉంది.